కనుమదారులు: ఆదవాని సీమ భారవాహకుల చరిత్రము

వ్యాకరణమహాభాష్యమునఁ బతంజలి యొక చిన్న వృత్తాంతము చెప్పియున్నాఁడు. వైయాకరణులలోఁ బ్రసిద్ధుఁడైన శాకటాయనుఁడు రథమార్గముచెంతఁ గూర్చుండియుండఁగా బండ్లబిడారొకటి యాతని యెదుటనే సాగిపోయెను. ఆతఁడు మాత్రము దానిని గానఁడయ్యెను. మనస్సు వేఱొకచోట లగ్నమైయున్నపుడు కన్నులు తెఱచియున్నవాఁడును జూడఁజాలఁడని తెలుపుటకై భాష్యకారుఁ డీ యుదాహరణము నిచ్చెను. శకటశబ్దమును దన పేరునందే తాల్చిన పండితుఁడు శకటముల బిడారునే కానకపోవుట యిందలి విశేషము.

ఆంధ్రదేశచరిత్రమును వ్రాసిన వారి స్థితియుఁ గొంతవఱ కిట్లే యున్నది. ఏ రాజు ఏ కోటను గట్టెనో, ఏ దండనాయకుఁడు దాని నెప్పుడు పట్టుకొనెనో శాసనములవలనను, గైఫియతులవలనను, గుంఫిణీ దొరల లేఖలవలనను సవిస్తరముగఁ దెలియుచున్నది. ఆ కోటకు ధాన్యమును, ఆ దేవాలయమునకు రాతిని, ఆ సంతకు నుప్పును మోసికొనివచ్చిన వారెవ్వరు, వా రే కనుమల నెట్లు దాఁటిరి, ఏ ఋతువున నడచిరి యను విషయములు మాత్ర మా పత్రములలో నరుదు. ఈ లోపమును దీర్చుటకు రెండు సాధనములు గలవు. భాషలో నిలిచియున్న పదము లొకటి. ఆ వృత్తియందు ముదిసినవారి మాటలు రెండవది. కర్నూలు మండలపు పశ్చిమభాగమగు నాదవాని సీమ నుదాహరణముగఁ దీసికొని యీ రెండు సాధనములవలన నేమి తెలియునో యిందు విచారింపఁబడుచున్నది.

దేశస్వరూపము

ఆదవాని, ఎమ్మిగనూరు, కౌతాళము, కోసిగి ప్రాంతములు తుంగభద్రకు దక్షిణమున, గన్నడదేశపు టంచున నున్నవి. ఆదవాని తాలూకా 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదివఱకు బళ్లారిజిల్లాలోనిది. ఆంధ్రరాష్ట్ర మేర్పడిననాఁడు కర్నూలుజిల్లాలోఁ జేరినది. కావున నిచ్చటి వాడుకలోఁ దెలుఁగును గన్నడమును నల్లుకొనియున్నవి. కౌతాళము మండలములోని ఉరుకుంద గ్రామమున వెలసిన నరసింహస్వామిని జనులు ఈరన్నస్వామి యని పిలుతురు. శ్రావణమాసమున నీ క్షేత్రమునకు నాంధ్రకర్ణాటకములనుండి యసంఖ్యాకులగు భక్తులు వత్తురు. ఈరన్న యనునది వీరన్నశబ్దమునకుఁ గన్నడపు వాడుకవలనఁ గలిగిన రూపాంతరముగాఁ దలఁపఁబడుచున్నది. ఆ పేరు ఈ సీమలోఁ బురుషులకు మిక్కిలి సామాన్యము. బండి తోలినవారిలోను, లారీ నడపినవారిలోను ఈరన్నలు లేని యూరు కానరాదు.

ఈ సీమలో విశేషభాగము నల్లరేగడినేల. రేగడి వానకుఁ దడిసినచో జిగురుపట్టి చక్రమును గదలనీయదు; ఎండినచో బీటలువాఱి యినుమువలె గట్టిపడును. రాతిబాటలు లేని కాలమున నిచ్చట నాషాఢమునుండి యాశ్వయుజము వఱకు బరువుబండి నడచుట దుస్తరము. కార్తికమున వానలు వెనుదీసి, మార్గశీర్షమున నేల గట్టిపడిన పిమ్మటనే దారులు తెఱచుకొనెడివి. ముంగారి పంటలయందలి గింజలును, వేరుసెనగయుఁ, బిమ్మటఁ బత్తియు సంతకు వచ్చుకాలమును నదియే. ఎమ్మిగనూరి నీలకంఠేశ్వరస్వామి జాతరయుఁ బుష్యమాసముననే జరుగును. ఆ సమయమునఁ గూడెడి పశువుల పరసలో రైతులు బండియెడ్లను గొనెదరు. కావున నీ సీమవారికి సరుకుల రవాణా యనఁగా ముఖ్యముగ శీతకాలపు పని. మంచుపడు రాత్రులలో సాగిన పని.

తూర్పుతీరమునకుఁ బోవలసినవారికి రేగడితోఁ గష్టము తీఱదు. కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరుల మీఁదుగఁ బోయినచో నల్లమల యడ్డముగ నిలుచును. దానిని దాఁటుటకు రెండు కనుమలు పూర్వమునుండి ప్రసిద్ధములు. ఆత్మకూరునుండి దోర్నాలకుఁ బోవు మంత్రాలమ్మకనుమ యొకటి. నంద్యాలనుండి గిద్దలూరు, కంభముల వైపునకుఁ బోవు నందికనుమ రెండవది. సముద్రతీరపు టుప్పు పడమరకును, బడమటి పత్తియు ధాన్యమును దూర్పునకును నీ తెరువులఁ బోవుచుండెను. మైదానమున రేగడి, యరణ్యమునఁ గొండయెక్కుడు: ఈ రెండింటిని జయించినవాఁడే ఈ సీమలో భారవాహకుఁ డనిపించుకొనెను.

కనుమయు ఘట్టమును

తెలుఁగున కనుమ, కన్నడమున కణివె యను పదము లేకమూలకములు. రెండు కొండల నడిమి దారి యని వాని యర్థము. నేఁడు కనుమదారిని ‘ఘాటురోడ్డు’ అని యందురు. సంస్కృతమున ఘట్టశబ్దమునకు నీటిరేవని యొక యర్థము, సుంకము వసూలుచేయు తావని మఱియొక యర్థము. అదియే దేశభాషలలో ‘ఘాట్’ అయి, మహారాష్ట్రదేశమునఁ గొండదారికిఁ జెల్లి, యింగ్లీషు దొరల నోటఁబడి, తిరిగి తెలుఁగునకు వచ్చినది. రేవును, సుంకమును, గొండదారియు నొక్కపదమునఁ జేరుట యాశ్చర్యము గాదు. సరుకు తప్పనిసరిగ నిఱుకుదారినఁబడి పోవుచోటనే సుంకరి పాక వేయును గదా.

శాస్త్రగ్రంథములలో ఘట్టకుటీప్రభాతన్యాయ మొకటి ప్రసిద్ధము. సుంకము తప్పించుకొనఁగోరినవాఁ డొకఁడు రాత్రియెల్ల నడ్డదారులఁ దిరిగితిరిగి, తెల్లవాఱునప్పటికి సరిగ సుంకపుపాక యెదుటనే నిలిచెనఁట. తార్కికులు దీనిని బ్రతివాది యుక్తిని ఖండించుటకు వాడుదురు. విద్యార్థులు నవ్వి యూరకుందురు. లోకమున నిత్యము జరుగని విషయము న్యాయముగ నేర్పడదు. చలిరాత్రి దారితప్పి తిరిగిన యా బండివానిపాట్లు దేశమునఁ దఱచుగఁ గనఁబడినందుననే యిది సామెతగాఁ గుదిరినది.

సుంకములను గూర్చిన యాధారములు మాత్రము సమృద్ధముగ నున్నవి. క్రీ.శ. 1244 ప్రాంతమున గణపతిదేవచక్రవర్తి మోటుపల్లిరేవున వేయించిన యభయశాసనమున వర్తకులు చెల్లింపవలసిన సుంకములు నిర్ణయింపఁబడినవి. విజయనగరకాలమున అమ్మకపుతావులయందుఁ గొనునది స్థలాదాయమనియు, దారియందుఁ గొనునది మార్గాదాయమనియు, విదేశములనుండి వచ్చు సరుకుపైఁ గొనునది మామూలాదాయమనియు మూఁడు తెఱఁగుల సుంకము లుండెను. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమను గుంఫిణీవారి కప్పగించి దత్తమండలముగఁ జేసిన పిమ్మటఁ గూడ దారిసుంకములు నడచినవి; చెన్నపురి రాజధానిలో నవి 1844లో రద్దయ్యెను. ఆఱువందల యేండ్ల యీ లెక్కలలో నెంత బరువునకెంత పైకమో యున్నది. దానిని మోసినవాని పేరు లేదు.

పెరికయు లంబాడీలును

బండ్లకు మున్ను, బండ్లతోపాటును, గొండదారులలో భారము నెక్కువగ మోసినది యెద్దు మూఁపు. ఎద్దు వీఁపుపై నిరువైపుల వ్రేలునట్లు వేయు జోడుసంచికిఁ బెరిక యనియుఁ, గంట్లమనియుఁ బేళ్లు. చక్రమునకు బాట వలయును. పెరికెద్దునకుఁ గాలిదారి చాలును. అందువలననే రాతిబాట వచ్చువఱకు నల్లమల కనుమలలోఁ బెరికెడ్లదే పైచేయిగ నుండెను.

ఈ వృత్తిలోఁ బ్రసిద్ధులు లంబాడీలు. కర్నూలు ప్రాంతమున వారినే సుగాలీలందురు. పదునేడవ శతాబ్దమున నీ దేశములఁ దిరిగిన ఫ్రెంచి వర్తకుఁడు టావెర్నియే, పదివేలు పండ్రెండువేల యెడ్లతో నొక్కపెట్టున నడచు బంజారీల బిడారులు దారి నడ్డగించిన యెడల నవి సాగిపోవువఱకు బాటసారులు వేచియుండవలసివచ్చెడిదని వ్రాసెను. ధాన్యము, బియ్యము, పప్పుదినుసులు, ఉప్పు అను నాలుగు సరుకులను నాలుగు తెగలవారు వేఱువేఱుగ మోయుచుండిరని కూడ నాతఁడు చెప్పినాఁడు. 1791లోఁ గారన్‌వాలిసు టిప్పుసుల్తానుపైఁ బోయినపుడు సేనకు ధాన్యము సమకూర్చినవారిలో వీరు ముఖ్యులు. ఫిరంగులు గెలిచినవని చరిత్రములు చెప్పుచున్నవి; ఫిరంగి కాల్చువాని యాఁకలి తీర్చినది పెరిక.

లంబాడీశబ్దమునకు లవణశబ్దము మూలమని కొందఱందురు. కన్నడదేశమున వీరిని లమాణీ లనుటయు, వకార మకారములు ప్రాకృతములందును దేశభాషలందును దఱచుగ మాఱుటయు నీ పక్షమునకు బలము. సంస్కృత గ్రామశబ్దము హిందీలో ‘గాఁవ్’ అగుట చూడఁదగును. బంజారాశబ్దము వణిక్‌శబ్దభవమని మఱియొక పక్షము. ఈ వ్యుత్పత్తులు నిశ్చితములని చెప్పరాదు. అయినను రెండును సరుకు మోఁతవైపే చూపుచున్నవి. వృత్తియే పేరైన జాతి యిది.

వీరి వృత్తి రైలుతో క్షీణించినది. ఆ పిమ్మట వీరికిఁ గలిగిన గతి యింకను శోచనీయము. 1871లోఁ బుట్టి, 1911లో దేశమంతటికిని విస్తరించిన నేరస్థజాతుల చట్టము సంచారజీవులగు పెక్కుతెగలను బుట్టుకతోనే నేరస్థులుగ నెంచెను. రాజులసేనలకు నన్నము మోసిన సంచారమే యపరాధమునకు గుఱుతయ్యెను. 1952లో నా చట్టము రద్దయినది.

బండి

తెలుఁగున బండి, కన్నడమున బండి, తమిళమున వండి. దేశమంతట నొక్కటియే పదము వ్యాపించియుండుట యా సాధనముయొక్క వ్యాప్తికి సాక్ష్యము. శాస్త్రము సయితము బండియెడ్లను నిర్లక్ష్యము చేయలేదు. పాణిని శకటమును లాగు నెద్దునకు శాకటమనియు, ధురమును మోయుదానికి ధుర్యము, ధౌరేయమనియు, నే వైపునఁ గట్టినను లాగుదానికి సర్వధురీణమనియు, నొక్కవైపుననే పనికివచ్చుదానికి నేకధురీణమనియు వేఱువేఱు ప్రత్యయములతో రూపములను సాధించెను. ఈ సీమరైతు దాపలెద్దు, వలపలెద్దు అని నేఁటికిని వేఱుపఱుచును. ఎడమకాఁడికి మరగిన యెద్దును గుడివైపునఁ గట్టినచో నెక్కుడుదారిలో నది మొరాయించుననుట సూత్రకారుఁడును, రైతును సమానముగ నెఱిఁగిన విషయము.

మండలముఖ్యనగరముపేరే బండ్లతో ముడివడియున్నదని ప్రతీతి. ఆలంపురమున దేవాలయము కట్టుచున్న కాలమున రాళ్లు మోయు బండ్లు తుంగభద్ర దాఁటకమున్ను దక్షిణపుగట్టున నిలిచి యిరుసులకుఁ గందెన పూసికొనెడివనియు, నందుచే నా తావునకుఁ గందెనవోలు, కందనవోలు అను పేరు గలిగి క్రమముగఁ గర్నూలయ్యెననియుఁ జెప్పుదురు. ఇది లోకవ్యుత్పత్తియే కావచ్చును. అయినను దేవాలయము కట్టించిన దొరను గాక, యిరుసునకుఁ గందెన పెట్టినవానిని దలఁచుకొని జనులు తమ నగరమునకు నర్థము చెప్పుకొనుట గమనింపఁదగినది. శాసనము మఱచినదానిని జనశ్రుతి మఱవలేదు.

కనుమదారులలో బండివాని నేర్పు పలుతెఱఁగులఁ గనఁబడెడిది. ఎక్కుడునందు ముందటిజతకుఁ దోడుగ మఱియొకజతను గట్టుదురు. ఎడ్లు ఊపిరితీయుటకు నిలిచినపుడు బండి వెనుకకు జాఱకుండ వెంటనున్నవాఁడు చక్రమువెనుక రాయి వేయును. దిగుడునందుఁ జక్రమును ద్రాటితో బిగించి తిరుగనీయక యీడ్చుకొనిపోదురు. బండ్లన్నియు గుంపుగఁ బోవుట దొంగలభయమునకు మాత్రమే కాదు. ఒకని జత మఱియొకనికిఁ దోడుపడనిదే బరువు కొండయెక్కదు.

1871లోఁ జెన్నపురిరైలు రాయచూరివఱకు వచ్చి బొంబాయిరైలుతోఁ గలిసినది. ఆదవాని యా దారిలోని స్టేషనగుటచే జిన్నింగు మరలకును బత్తివర్తకమునకును నాటపట్టయ్యెను. బండ్లపని దీనితోఁ దఱుగలేదు; దిక్కుమాత్రము మాఱినది. పూర్వము తీరమువైపు నడచిన బండ్లు స్టేషనువైపు నడువసాగినవి. పిమ్మట గుంతకల్లు బెజవాడల నడుమ నల్లమలను దొలిచి రైలుదారి వేయఁబడినపుడు నందికనుమ బండ్లసందడియుఁ గొంత తగ్గెను.

రైలున్నచోట బండికిఁ బనియేమి యన్న ప్రశ్నకు 1876 మొదలు 1878 వఱకుఁ గలిగిన మహాక్షామము సమాధానము చెప్పినది. దూరదేశములధాన్యము రైలుమీఁద స్టేషన్లకు వచ్చెను. దానిని గ్రామములకుఁ జేర్పవలసిన యెడ్లు మేఁతలేక చచ్చినవి. ధాన్యము స్టేషనులో నుండఁగనే రైలుదారికి దూరముననున్న పల్లెలలో జనులు మడిసిరి. కర్నూలుజిల్లా జనసంఖ్య 1871లో 9 లక్షల 14 వేలుండఁగా 1881 నాఁటికి 6 లక్షల 78 వేలకు దిగినది. అనఁగా నించుమించు నాలుగవవంతు తఱిగినది. చరిత్రకారులు రైలుదారుల మైళ్లు లెక్కించిరి. ఆ కడపటి పదిక్రోసుల దూరమును దాఁటింపవలసిన యెద్దును లెక్కింపలేదు. భారవాహకుఁడు పోయినచో దేశమేమగునో తెలిసికొనుటకు దీనికి మించిన నిదర్శనము లేదు.

లారీ

ఇరువదవ శతాబ్దమున మోటారులారీ వచ్చినది. 1939 నాఁటి మోటారువాహనముల చట్టము దానికి లైసెన్సులు, పర్మిట్లు, చోదకుని పనిగంటలు నిర్ణయించెను. వెంటనే రెండవ ప్రపంచయుద్ధము వచ్చి పెట్రోలునకుఁ గొఱఁత యేర్పడఁగా బండి ప్రక్కను గాని వెనుకను గాని పొయ్యి యమర్చి, బొగ్గును గాల్చి, ఆ వాయువుతో నింజనును నడిపిరి. ఆ వాయువునఁ బెట్రోలునకున్న బలము లేదు. బరువుతోఁ గొండయెక్కుట మిక్కిలి కష్టమయ్యెడిది. యుద్ధానంతరమున సేనలవారు వదలిన లారీలు వర్తకుల చేతికి వచ్చినవి. 1954 మొదలుగ జంషెడ్‌పురమునఁ దయారైన టాటా మెర్సిడిస్ డీజిలులారీలు, 1955 మొదలుగఁ జెన్నపురిచెంత నెన్నూరులోని అశోక్ లేలాండు బండ్లు క్రమముగ దేశమంతట వ్యాపించినవి.

అప్పుడు పత్తిమూటలతో, వేరుసెనగబస్తాలతో, ఎమ్మిగనూరి మగ్గముల వస్త్రములతో నాదవాని సీమ లారీలు మరల నా పాఁతకనుమలనే పట్టినవి. ఎమ్మిగనూరు సాలెవారి సహకారసంఘము 1938లో మాచాని సోమప్పగారి యుద్యమమున నేర్పడినది కావున మగ్గపుసరుకునకు దూరదేశపు సంతలతో సంబంధము హెచ్చినది. 1963లో శ్రీశైలము జలాశయమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట నల్లమలలో నపూర్వమగు మోఁత యారంభమయ్యెను. శ్రీశైలమునకు రైలు లేదు. దగ్గఱి స్టేషను మార్కాపురమురోడ్డు. పూర్వము ప్రోలయవేమారెడ్డి యాత్రికులకై మెట్లు కట్టించిన యా కొండపైకి సిమెంటును, నుక్కును, యంత్రములును లారీలే యెక్కించినవి. ఆనకట్ట కట్టిన యింజనీర్ల పేళ్లు గ్రంథస్థములు. మలుపుమలుపునను బరువు నెక్కించినవారి పేళ్లు గ్రంథములలోఁ గానరావు.

ఆ తరమువారిలోఁ గొందఱు వృద్ధు లింకను జీవించియున్నారు. పనిమానిన లారీచోదకులు టీయంగడియొద్దనో, దేవాలయపు టరుగుమీఁదనో కూడినపుడు సాగెడి ముచ్చటలు వట్టి కాలక్షేపము కావు. వానిలో నొక శాస్త్రమున్నది. ఏ గేరులో నెక్కవలసియుండునో యా గేరులోనే కొండ దిగవలెను. దిగునపుడు బ్రేకునే నమ్మినచో నది వేఁడెక్కి పట్టు విడుచును. ఇంజనే బండిని బట్టియుంచవలెను. ఇది వారి ప్రథమసూత్రము. ఎక్కుడునఁ గ్లీనరు చెక్కదిమ్మెను జేతఁబట్టుకొని దిగి నడచి, బండి యాఁగినతోడనే వెనుకచక్రముక్రింద దానిని వేయవలెను. ఇంజను కాఁగినచో నీరు పోయవలెను గావునఁ గనుమలో నూట యెచ్చటనున్నదో తెలిసియుండవలెను. మంచుకమ్మిన తెల్లవాఱుజామున దీపము ముందుకుఁ బాఱదు. దారియంచును జూచి మెల్లగ నడుపవలెను. చలిరాత్రి నిలిచిన యింజనును మరల గదలించుటకు ముందటి హ్యాండిలు త్రిప్పవలసిన కాలమున, హ్యాండిలు వెనుకకుఁ దన్ని మణికట్టు విఱిగినవారును గలరు.

బండివానిరాయి లారీక్లీనరు దిమ్మెయైనది. త్రాటితోఁ జక్రమును బిగించినవాని యుపాయమే గేరుతో నింజనును బిగించుటగాఁ బరిణమించినది. సాధనము మాఱినను గొండ మాఱలేదు. కొండ నేర్పిన పాఠమును మాఱలేదు. ఈ విద్య పుస్తకములవలన రాదు. కుఱ్ఱవాఁడు క్లీనరుగఁ జేరి, బండి కడిగి, దిమ్మె వేసి, సంవత్సరములకొలఁది గురువుప్రక్కఁ గూర్చుండి, పిమ్మటఁ జక్రముచేతఁ బట్టును. గురుకులవాసమున కింతకంటె స్పష్టమగు లక్షణము నేఁటి పాఠశాలలలోఁ గానరాదు.

వారి మాటలలోనే భాషాచరిత్రమును గలదు. లారీ, గేరు, బ్రేకు, లోడు ఇంగ్లీషుపదములు. వానిని ‘లోడెత్తుట’, ‘గేరువేయుట’ అని తెలుఁగుక్రియలతోఁ గూర్చినారు. బస్తాలెత్తు హమాలీ యరబ్బీపదభవుఁడు, మోయువాఁడని యర్థము. బిజాపురసుల్తానుల కాలమునుండి తురకరాజ్యముల క్రిందనున్న యాదవానిలో నీ పద మట్లే నిలిచినది. సరుకును గట్టుమోకు మాత్ర మచ్చతెలుఁగు. ఒక్క లారీచుట్టునున్న నలుగురి మాటలలో మూఁడునాలుగు రాజ్యముల చరిత్రము వినవచ్చును.

ధర్మమును చట్టమును

భారవాహకునిఁ బూర్వధర్మశాస్త్రము పూర్తిగ మఱవలేదు. ఎదురుపడినపుడు బండివానికిని, ముదుసలికిని, రోగికిని, బరువు మోయువానికిని, స్త్రీకిని దారి విడువవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. 1989 నాఁటి భారతీయ మార్గనియమములలోఁ గొండదారియందు దిగువాహనము ఎక్కువాహనమునకుఁ దోవనీయవలెనని యుండెను. ఎక్కువాఁడు నిలిచినచో మరల గదలుట కష్టము. కాఁబట్టి భారము హెచ్చినవానికే మార్గము. రెండింటి తాత్పర్యమొక్కటియే.

యానమువలనఁ గలుగు హానిని గూర్చియు మనువు విచారించెను. ముకుత్రాఁడు తెగినను, గాఁడి విఱిగినను, ఇరుసుగాని చక్రముగాని విఱిగినను, దొలఁగుఁడని కేకవేసినను దండనలేదు. చోదకుఁడు నేర్పులేనివాఁడై హాని కలిగినచో స్వామికి దండన. నేర్పరియైన చోదకుఁడు తప్పుచేసినచోఁ జోదకునికే దండన. నేర్పులేనివానిచేతఁ బగ్గ మిచ్చిన యపరాధము యజమానునిదని దీని యాశయము.

ఇప్పటి చట్టమును బనిగంటలవిషయమున నిట్టి న్యాయమునే యుద్దేశించినది. 1939 చట్టము దినమునకుఁ దొమ్మిది, వారమునకు నేఁబదినాలుగు గంటలకు మించి చోదకునిచేఁ బనిచేయింపరాదనెను. 1961 నాఁటి మోటారు రవాణా కార్మికుల చట్టము వానిని నెనిమిదికిని నలువదియెనిమిదికిని దగ్గించెను. వృద్ధచోదకుల ముచ్చటలలో మాత్రము నిద్రలేని వరుసరాత్రులే ప్రధానములు. సరుకు తెల్లవాఱకమున్ను సంతకుఁ జేరవలెనను నాజ్ఞ యొకవైపు, చట్టము మఱియొకవైపు. నడుమ నిద్రమఱచిన కన్నులు. చట్టపుపుస్తకమును మాత్రమే చదివి రాబోవుచరిత్రకారుఁ డీ కాలపు చోదకులు దినమున కెనిమిదిగంటలే పనిచేసిరని వ్రాసినచో నది యసత్యమగును. ఆ యసత్యమును నివారించు సాక్ష్య మా వృద్ధులయొద్దఁ దక్క వేఱొకచోట దొరకుట దుర్లభము.

సూతుని మాట

ఇట్టి వృద్ధుల మాట శాస్త్రచర్చలోఁ బ్రమాణమగునా యని పండితులు శంకింపవచ్చును. దానికిని మహాభాష్యమే సమాధానము చెప్పుచున్నది. ఒక వైయాకరణుఁడు రథము తోలువానిని జూచి యీ రథమునకుఁ ‘బ్రవేత’ యెవ్వఁడని యడిగెను. అజధాతువునకు వీ యను నాదేశము వచ్చును గావున సూత్రరీత్యా నదియే రూపము. సూతుఁడు తానే ‘ప్రాజిత’ నని బదులుచెప్పెను. వైయాకరణుఁ డది యపశబ్దమనెను. అంతట సూతుఁడు, ఆ పండితుఁడు సూత్రముచేఁ బ్రాప్తించుదానినే యెఱుఁగును గాని శిష్టుల కిష్టమైన ప్రయోగము నెఱుఁగఁడని చెప్పెను. పండితుఁడు కోపించి సూతశబ్దమునే నిందాగర్భముగ విఱువఁబోఁగా, ఆ శబ్దము నేఁతనర్థముగాఁ గల ధాతువునఁ బుట్టినది కాదనియుఁ, దోలుట యర్థముగాఁ గల ధాతువునఁ బుట్టినదనియుఁ గూడ నాతఁడే బోధించెను. భాష్యకారుఁడు సూతునిపక్షమునే యంగీకరించి ప్రాజితృశబ్దమును సాధువుగ నెంచెను. ధర్మశాస్త్రమునఁ జోదకునకు వాడఁబడిన ప్రాజకశబ్దమును నా కుటుంబములోనిదే.

త్రిమునివ్యాకరణమునఁ గడపటి ప్రమాణమైన పతంజలియే, రథము తోలుపనిని గూర్చిన పదమున రథము తోలువానిమాటను వైయాకరణునిమాటకంటె బలవత్తరముగ నెంచియుండఁగా, కనుమదారుల చరిత్రమునఁ గనుమనెక్కినవానిమాటను ద్రోసివేయుట యుక్తముగాదు. వృద్ధుల జ్ఞాపకమునఁ బొరపాటులుండవచ్చును. సంవత్సరములు తాఱుమాఱు కావచ్చును. శాసనములలో మాత్రము కూటశాసనములు లేవా? వానిని బరీక్షించినట్లే వీనినిఁ బరీక్షింపవలెను. ఇరువురు ముగ్గురు వేఱువేఱుగఁ జెప్పినది సరిపోల్చి, చట్టములతో, రైలుదారుల కాలముతో, ఆనకట్టల నిర్మాణకాలముతో సమన్వయించి గ్రహింపవలెను.

ఈ పనికిఁ గాలము మిగులలేదు. 1950 ప్రాంతమునఁ గ్లీనరుగఁ జేరిన బాలునికి నేఁడు తొంబదియేండ్ల వయస్సుదాఁటు సమయము. ఆత్మకూరుదోర్నాల కనుమలో వన్యమృగరక్షణార్థమై రాత్రివేళ వాహనములను నిలిపివేయుచున్నారు గావునఁ బుష్యమాసపు రాత్రి యా దారిని దాఁటిన యనుభవము క్రొత్తవారికిఁ గలుగదు. మలుపుల పేళ్లు, ఊటల పేళ్లు, బండ్లు విడిసిన మఱ్ఱిచెట్ల పేళ్లు, సరుకుమోఁతకుఁ జెందిన క్రియలు, సామెతలు పటములలోఁ జేరలేదు, వారితోనే పోఁగలవు. లంబాడీల పెరికదారులవిషయమున నిట్టి నష్టము జరిగియేయున్నది. వారి బిడారులు నడచినంతకాలము వారి నడుగవలెనని యెవ్వరికిని దోఁపలేదు. తోఁచునప్పటికి నడుగఁదగినవారు లేకపోయిరి.

ఆదవాని, ఎమ్మిగనూరు, కౌతాళము ప్రాంతపు పాఠశాలల పండితులు తమతమ గ్రామములందలి వృద్ధచోదకులను, హమాలీలను, బండి తోలినవారిని సమీపించి, యొక్కొక్కరివలనఁ బదియేసి పదములను, నొక్కొక్క దారివివరమును వ్రాసికొన్నను బరిశోధకసంఘములకు మహోపకారమగును. చెప్పినవాని మాటను దిద్దక, యాతఁడు పలికిన రూపముననే వ్రాయవలెను. ‘ప్రాజిత’ను ‘ప్రవేత’గ మార్చరాదు. శ్రావణమాసమున ఉరుకుందలోఁ గూడు జనసమ్మర్దమున నిట్టివారు పలువురు కనఁబడుదురు. బిడారింకను రథమార్గమునఁ బోవుచునేయున్నది.